సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలు – వారి సత్తువను కొలిచే పరీక్షలు

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఆరోగ్యం మీద ఒక ప్రసంగం ఉండడం మన సంఘం ఆనవాయితీ. షుగరు అయింది, రక్తపోటు అయింది, మోకాళ్ళు రెండుసార్లు అయ్యాయి. ఈసారి నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు కబురు చేస్తే, "అయ్యా, నేను డాక్టరును కాను, ట్రెజరీలో ముప్ఫై ఆరేళ్ళు బిల్లులు చూసిన గుమాస్తాను" అన్నాను. "మీ మనుమరాలి సంగతే చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారాయన. అదీ నిజమే. బజారులో ఎదురైన ప్రతివారూ "పాప ఎట్లా ఉంది?" అంటారు. "బాగానే ఉందండీ" అంటాను. ఆ 'బాగానే' అన్న మాటకు కొలత ఏమిటి, దాన్ని ఎవరు కొలుస్తారు, ఎట్లా కొలుస్తారు అన్నదే ఇవాళ నేను మనవి చేయబోయే విషయం.

మా పెద్దబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. మనుమరాలికి పన్నెండేళ్ళు. పుట్టిన అయిదో రోజున మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షలో ఈ జబ్బు అనుమానం వచ్చింది, తరువాత నిర్ధారణ అయింది. ఆ దేశమంతటా 2007 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు కోసం ఆ పరీక్ష చేస్తున్నారు. జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. తెలుగులో జనం నోట నలిగిన పేరేదీ లేదు గనుక ఆ పేరుతోనే చెబుతాను.

మన ఒంట్లో కణాలకు ఉప్పును లోపలికీ బయటికీ పంపే సన్నని ద్వారాలు ఉంటాయి. ఈ జబ్బులో ఆ ద్వారం సరిగా తెరుచుకోదు. దానివల్ల ఊపిరితిత్తుల్లో ఊరే కఫం పలచగా ఉండవలసింది బంక లాగా చిక్కబడుతుంది. అందులో సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. క్లోమం నుంచి పేగుల్లోకి రావలసిన జీర్ణరసం కూడా దారిలోనే చిక్కుకుపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. అందుకని మా పిల్ల ప్రతి భోజనంతోనూ ఎంజైము మాత్రలు వేసుకుంటుంది. ఇక చెమట సంగతి. మామూలు మనిషి చెమట కంటే వీళ్ళ చెమటలో ఉప్పు చాలా ఎక్కువ. నుదుట ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలే బిడ్డ బతకదని యూరపు పల్లెల్లో పూర్వం ఒక నమ్మకం ఉండేదట.

1938లో న్యూయార్కులో డొరొతీ ఆండర్సన్ అనే డాక్టరమ్మ ఈ జబ్బును విడిగా గుర్తించి రాశారు. 1948 వేసవిలో ఆ ఊళ్ళో విపరీతమైన ఎండలు కాసినప్పుడు, వడదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బువాళ్ళు ఎక్కువగా కనిపించడం డి సాంట్ ఆన్యేజె అనే డాక్టరుగారి కంట పడింది. ఆ దారిన వెతికి 1953లో చెమటలోని ఉప్పు సంగతి బయటపెట్టారు. 1959 నాటికి చెమట పరీక్ష స్థిరపడింది. 1989లో అసలు లోపం ఉన్న జన్యువు ఏడో క్రోమోజోము మీద దొరికింది.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వస్తుంది. ఒక్క లోపం మోసేవారికి ఏ బాధా ఉండదు, వారికి తెలియను కూడా తెలియదు. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక పాలు ప్రమాదం ఉంటుంది. "మేనరికం చేసుకున్నారా?" అని మా అబ్బాయిని చాలామంది అడిగారు. చేసుకోలేదు. మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది, సందేహం లేదు. కాని మేనరికం కాకపోయినా వస్తుంది. ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మన ఇళ్ళల్లో తప్పంతా కోడలి మీదికి నెట్టడం పరిపాటి. ఇద్దరి నుంచీ సమానంగా రానిదే ఈ జబ్బు రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పిల్లల ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయో చూడడానికి ఊదే పరీక్ష ఉంది. గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో యంత్రం చెబుతుంది. అదే వయసు, అదే ఎత్తు ఉన్న ఆరోగ్యవంతమైన పిల్లతో పోల్చి నూటికి ఇంత అని కాగితం మీద వేస్తారు. మన ఉబ్బస రోగులు కొందరికి ఇది పరిచయమే. మంచి పరీక్షే. అయితే అది కూర్చుని చేసే పరీక్ష.

సబ్ ట్రెజరీకి జూన్ నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం వెళ్ళి చూడండి. ఆఫీసు బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది. దాని సత్తా తెలియాలంటే మార్చి 31 సాయంత్రం వెళ్ళాలి. అన్ని శాఖల బిల్లులూ ఒక్కసారి వచ్చి పడినప్పుడు పని ఎక్కడ బిగుసుకుపోతుంది, కౌంటరు దగ్గరా, అకౌంటెంటు బల్ల దగ్గరా, ఆఫీసరుగారి సంతకం దగ్గరా అన్నది ఆ రోజే బయటపడుతుంది. మనిషి ఒళ్ళూ అంతే. కూర్చున్నప్పుడు ఊపిరితిత్తులకు ఉన్న పని చాలా తక్కువ. ఊదే పరీక్షలో ఒకే అంకె వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకడు బంతి వెంట పరుగెత్తుతాడు, ఇంకొకడు రెండు అంతస్తులు ఎక్కి గోడ పట్టుకుంటాడు. తేడా ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు. కాళ్ళ కండల్లో ఉండవచ్చు, గుండెలో ఉండవచ్చు, తిండిలో ఉండవచ్చు, ఆడనివ్వని ఇంటి పెద్దల్లోనూ ఉండవచ్చు. శ్రమ పెట్టి చూస్తేనే ఇది తెలుస్తుంది.

ఆ శ్రమ పరీక్షను 2024 ఏప్రిల్లో నేను దగ్గరుండి చూశాను. గదిలో కదలని సైకిలు ఒకటి. పిల్ల ఛాతీ మీద గుండె చప్పుడు పట్టే బిళ్ళలు అంటించారు, వేలికి ప్రాణవాయువు చూపే క్లిప్పు పెట్టారు, ముక్కూ నోరూ కప్పుతూ ముసుగు కట్టారు. ఆమె పీల్చే ప్రతి ఊపిరిలో ఎంత ప్రాణవాయువు ఒంటికి పట్టింది, ఎంత బొగ్గుపులుసు గాలి బయటికి వచ్చింది అన్నది పక్కనున్న యంత్రం లెక్క కడుతుంది. తరువాత తొక్కమంటారు. నిమిషం నిమిషానికీ పెడలు బరువు పెంచుకుంటూ పోతారు. 1970ల మొదట్లో లండనులో సైమన్ గాడ్‌ఫ్రే అనే డాక్టరుగారు పిల్లల కోసం ఏర్పరచిన పద్ధతి ఇది. పిల్ల ఎత్తు 120 సెంటీమీటర్ల లోపు అయితే నిమిషానికి 10 వాట్లు, 150 లోపు అయితే 15, అంతకు మించితే 20 చొప్పున పెంచుతారు. మనకు ఇంక్రిమెంటు ఏడాదికొకటి, అదీ సర్వీసు రిజిస్టరులో ఎక్కితేనే. అక్కడ నిమిషానికొకటి. పైగా మన ఇంక్రిమెంటుతో బరువు తగ్గేది, అక్కడ పెరుగుతుంది.

మా పిల్లది 142 సెంటీమీటర్లు. పదిహేను చొప్పున ఏడో నిమిషానికి 105 వాట్ల దగ్గర ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి పక్కన నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని కేకలు వేస్తూ ఉత్సాహపెడుతోంది. నేను మూల కుర్చీలో కూర్చుని వేలి క్లిప్పు అంకె వైపే చూస్తున్నాను. 97, 96, 96. పిల్ల ముఖం కందగడ్డ అయింది. కాళ్ళ వేగం పడిపోయి ఇక తొక్కలేనని చెయ్యి ఊపేదాకా సాగింది. ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాల్లో పూర్తయ్యేట్టు ఈ పరీక్షను అమరుస్తారట. ప్రాణవాయువు బాగా పడిపోయినా, గుండె లయ తప్పినా వాళ్ళే వెంటనే ఆపేస్తారు.

పదేళ్ళు దాటిన ప్రతి సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగికీ ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయాలని 2015లో యూరపు నిపుణులు ఒక ప్రకటనలో సిఫారసు చేశారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం గదా, ఉన్నామో లేమో చెప్పడానికి. వీళ్ళది ఎంత ఉన్నారో చెప్పే సర్టిఫికెట్.

ఆ అంకెకు అంత విలువ ఎందుకంటారా? 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ డాక్టర్ల వ్యాసం ఒకటి వచ్చింది. మా కోడలు దాని సారాంశం అచ్చు తీసి ఇచ్చింది. 7 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉన్న 109 మంది రోగులకు శ్రమ పరీక్ష చేసి, ఎనిమిదేళ్ళ తరువాత ఎవరెవరు ఉన్నారో చూశారు. శ్రమలో ప్రాణవాయువు వాడకం ఆరోగ్యవంతుల్లో నూటికి 82 పాళ్ళు, అంతకు మించి ఉన్నవారిలో 83 శాతం మంది బతికి ఉన్నారు. 59 నుంచి 81 పాళ్ళు ఉన్నవారిలో 51 శాతం. 58, అంతకంటే తక్కువ ఉన్నవారిలో 28 శాతం. ఊదే పరీక్ష వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, సత్తువ ఎక్కువ ఉన్నవారు బతికే అవకాశం మూడింతలకు పైగా ఉన్నదని తేల్చారు.

మూడు వరుసల పట్టిక అది. జీవితమంతా పట్టికలు చూసినవాణ్ణి. మనుమరాలిని ఏ వరుసలో వేయాలో చూడని తాత ఉంటాడా? 2023లో ఆమె మొదటి పరీక్షలో 84 వచ్చింది. నేను చూసిన 2024 పరీక్షలో 76. ఊదే పరీక్షలో మాత్రం రెండేళ్ళూ ఒకటే అంకె, 88. అంటే పై వరుస నుంచి నడిమి వరుసకు దిగింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. పిల్ల మాత్రం "తాతయ్యా, ఇది నా మార్కులా? నేను బాగానే తొక్కాను గదా!" అంది.

మరునాడు డాక్టరమ్మను ఆ పట్టిక చూపించి అడిగాను. ఆవిడ చాలా నిదానంగా చెప్పారు. "దీన్ని జాతకంలాగా చదవకండి. ఇందులోని రోగులకు పరీక్షలు చేసింది 1992కు ఎనిమిదేళ్ళు, ఇంకా ముందు. కఫాన్ని పలచన చేసే పీల్చే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1993 డిసెంబరులో. ఆ తరువాత ఎన్నో మందులు వచ్చాయి. ఇప్పుడు ఈ దేశంలో ఈ జబ్బువాళ్ళలో సగం కంటే ఎక్కువమంది పెద్దవాళ్ళే, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళే. ఈ అంకె ఆయుష్షు చెప్పడానికి కాదు, ఎక్కడ బాగు చేయాలో చెప్పడానికి" అన్నారు.

తరువాత ఆ కాగితంలోని మిగతా గళ్ళు చదివి చూపించారు. తొక్కడం ఆపేసేనాటికి పిల్ల ఊపిరికి ఇంకా నిలవ ఉంది. ప్రాణవాయువు పడిపోలేదు. గుండె బాగుంది. బిగుసుకుపోయింది కాళ్ళ దగ్గర. ఆ ఏడాది ఆమె ఎత్తు పెరిగింది గాని బరువు పెరగలేదు, చలికాలంలో దగ్గు ఎక్కువై బడిలో ఆటలు మానేసింది. వెంటనే తిండి మార్చారు. ఈ జబ్బు పిల్లల్లో కొందరికి యౌవనంలో మధుమేహం వస్తుంది గనుక ఆ పరీక్ష కూడా చేశారు, లేదని తేలింది. వారానికి మూడు రోజులు ఈత, రోజూ తాడాట రాసిచ్చారు. ఊదే పరీక్ష ఒక్కటే చూసి ఉంటే 88 దగ్గరే ఉంది, ఏమీ మారలేదు అని ఫైలు మూసేసేవాళ్ళు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక మాత్ర ఒకటి ఈ జబ్బు మూలాన్నే సరిచేస్తోంది. చాలామంది పిల్లల బతుకులే మారిపోయాయి. కాని అది పనిచేసేది కొన్ని రకాల జన్యులోపాలకే. తెల్లవారిలో ఎక్కువగా కనిపించే లోపం మనవారిలో అంత ఎక్కువగా ఉండదు. మా పిల్లకున్న రెండు లోపాలూ ఆ మందుకు లొంగనివి. కనుక మాకు ఈత, తాడాట, కఫం తీసే వ్యాయామం, తిండి, ఇవే మందులు. ఏటా వచ్చే ఆ ఒక్క అంకె మీద మా ఇంటిల్లిపాదికీ అంత ధ్యాస అందుకే.

పిల్ల ఆదివారాలు అక్కడి తెలుగువారు నడిపే తరగతిలో కూచిపూడి నేర్చుకుంటోంది. అడవులు వేస్తుంటే దగ్గు వస్తుంది. మా వియ్యపురాలుగారు ఫోనులో, "జబ్బు పిల్ల చేత గంతులేయిస్తారా, కూర్చోబెట్టి సంగీతం చెప్పించరాదూ" అని ఒకటే పోరు. ప్రేమ కొద్దీ అన్న మాటే, కాదనను. కాని ఆ దగ్గు మంచిదే, కదిలిన కఫం బయటికి వస్తోందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. అయినా వియ్యపురాలుగారు నమ్మలేదు. చివరికి వేలి క్లిప్పు అంకెలున్న కాగితాన్ని ఫోటో తీసి పంపిస్తే శాంతించారు. కాగితం చూపిస్తే తప్ప నమ్మనివాళ్ళు ఆడిట్ వాళ్ళొక్కరే అనుకునేవాణ్ణి.

అందరి పిల్లలకూ ఇది వర్తించదు. జబ్బు ముదిరిన పిల్లల్లో శ్రమ పడితే ప్రాణవాయువు పడిపోతుంది. వాళ్ళకు ఎంతవరకు ఆట, ఎక్కడ ఆపాలి అన్నది కూడా ఈ పరీక్షే చెబుతుంది. పెద్దవాళ్ళ భయం చెప్పకూడదు. నా మాట ఇంతే.

అంత ఖరీదైన యంత్రం లేనిచోట ఏం చేస్తారని మీకు సందేహం రావచ్చు. చవక పరీక్షలూ ఉన్నాయి. ఆరు నిమిషాల నడక పరీక్ష మనలో కొందరికి గుండె డాక్టర్లో, ఊపిరితిత్తుల డాక్టర్లో చేయించే ఉంటారు. ముప్ఫై మీటర్ల వరండాలో అటూ ఇటూ నడవాలి, పరుగెత్తకూడదు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తారు. మన వయసుకు అది చక్కగా సరిపోతుంది. కాని చురుకైన పిల్లలకు నడక ఒక శ్రమే కాదు, వాళ్ళ హద్దు దానిలో బయటపడదు. అందుకని పిల్లలకు మెట్టు పరీక్ష ఉంది. పదిహేను సెంటీమీటర్ల ఎత్తు మెట్టు, తాళం కొట్టే యంత్రం లయకు నిమిషానికి ముప్ఫైసార్లు చొప్పున మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. 1998లో ఈ జబ్బు పిల్లల కోసమే దీన్ని లండను డాక్టర్లు ప్రచురించారు. ఇంకొకటి, పది మీటర్ల బాటలో కూత వినిపించేలోగా అటు చేరడం, మళ్ళీ కూతకు ఇటు రావడం. కూతల మధ్య వ్యవధి తగ్గుతూ పోతుంది. ఈ పరీక్షలేవీ ఇంటి దగ్గర సొంతంగా చేయవద్దు. ముఖ్యంగా మన సభ్యులకు చెబుతున్నాను, మనుమలతో పోటీపడి మెట్టు ఎక్కి దిగి చూడవద్దు.

ఆసుపత్రిలో నా మనసుకు కష్టం కలిగించినది ఒకటుంది. ఈ జబ్బు పిల్లలను ఒకరి దగ్గరికి ఒకరిని రానివ్వరు. ఒకరి ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిమి ఇంకొకరికి సోకితే ప్రమాదం. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది, పరీక్షకూ పరీక్షకూ మధ్య సైకిలంతా తుడుస్తారు. మా పిల్లకు తనలాంటి పిల్ల ఎట్లా ఉంటుందో వరండా చివర కనబడే వీపులే తప్ప తెలియదు.

చెమట గురించి మరోమాట. శ్రమ పడినప్పుడు వీళ్ళు ఉప్పు బాగా పోగొట్టుకుంటారు, అయినా పోయినదానికి తగినంత దాహం వేయదు. అందుకని అడగకపోయినా తాగించాలి. మా అబ్బాయివాళ్ళు ఎండాకాలం ఇక్కడికి రారు, డిసెంబరులోనే వస్తారు. అయినా ఆడుకుని రాగానే మా ఆవిడ ఉప్పు వేసిన మజ్జిగతో సిద్ధంగా ఉంటుంది. రక్తపోటు ఉన్న నాకు మాత్రం ఉప్పులేని మజ్జిగ. ఒకే ఇంట్లో రెండు చెంబులు.

మన దేశంలో ఈ జబ్బు లేదని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. ఢిల్లీలోని ఎయిమ్స్ వంటి చోట్ల చూసే కొద్దీ బయటపడింది. ఇక్కడ పుట్టగానే ఈ పరీక్ష అందరికీ చేయరు గనుక ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయి. మీ ఇళ్ళల్లోగాని, ఇరుగుపొరుగునగాని మాటిమాటికీ న్యుమోనియా వచ్చే బిడ్డ, ఎంత తిన్నా బరువు పెరగని బిడ్డ, జిడ్డుగా విరేచనం అయ్యే బిడ్డ, వేసవిలో కారణం లేకుండా నీరసించి పడిపోయే బిడ్డ ఉంటే చెమట పరీక్ష ఎక్కడ చేస్తారని పిల్లల డాక్టరును అడగండి. అడగడానికి ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన జబ్బుల విధానంలోని జాబితాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ కూడా ఉంది. ఆ విధానం కింద హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. దరఖాస్తులు, జతపరచవలసిన కాగితాల పని ఉంటే నా దగ్గరికి రండి, ఆ పని నాకు ఇంకా చేతనవును.

2025 ఏప్రిల్ పరీక్షకు నేను అక్కడ లేను. అబ్బాయి ఫోను చేసి అంకె చెప్పాడు, 80. పెడలు మీద ఇంకొక ఇంక్రిమెంటు ఎక్కువ తొక్కిందట. రెండు పాళ్ళు తక్కువైందని నేను అనేలోపే పిల్ల ఫోను లాక్కుని, "తాతయ్యా, 120 వాట్లు!" అని అరిచింది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, తరువాత డి.ఎ. బకాయిల మీద తీర్మానం ఉంది. సెలవు.